హాల్లో ఎవరూ లేరు

కమ్యూనిటీ హాలు అనేది నాగరిక సమాజానికి పట్టిన చీడ. దాన్ని ఏదైనా వినోద సంస్థకి అద్దెకిచ్చి వదిలించుకుంటే తప్ప మనకి నిష్కృతి లేదు. ఈ మాట నేను అల్లాటప్పాగా అనడం లేదు. మా కాలనీలో ఆ పుణ్యకార్యం జరిగి ఆరు నెలలైంది. అనుభవం మీద చెబుతున్నాను.

నమ్మకం కలగడం లేదా? అయితే ముందు మా పాత హాలు ఎంత దిక్కుమాలినదో వినండి.

మా కాలనీ అంటే నాలుగు బిల్డింగులు, వాటి మధ్య కార్లు పెట్టుకునే జాగా. మొదటి బిల్డింగు గ్రౌండ్‌ఫ్లోర్‌లో పొడుగ్గా ఓ గది. అదే హాలు. వరసగా కిటికీలు, గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, తిరిగేటప్పుడు టకటకమని చప్పుడు చేసే ఫ్యాన్లు. మూల బల్ల మీద ఓ చదరంగం పెట్టె. అందులో ఒక గుర్రం ఏనాడో పోతే, దాని స్థానంలో ఖాళీ దారపు రీలు నిలబెట్టి ఆడేవారు. ఆ రీలు అసలు గుర్రం కన్నా ఎక్కువ బంట్లని మింగిందని చెప్పుకునేవారు.

ఆ హాలుకున్న అసలు జబ్బు ఏమిటో తెలుసా? లోపలికి ఎవరైనా రావచ్చు! టికెట్టు లేదు. "ఏం పనిమీద వచ్చారు?" అని అడిగే నాథుడు లేడు. పని లేకపోయినా రావచ్చు. నిజం చెప్పాలంటే పని లేనివాళ్ళే ఎక్కువ వచ్చేవారు. చంటిపిల్లని ఎత్తుకుని ఎత్తుకుని నడుం విరిగిన తల్లి వచ్చి ఫ్యాను కింద కూలబడేది. ఎవరో ఒకరు పిల్లని అందుకునేవారు. ఇంట్లో మాటా మాటా అనుకున్న మొగుడు వచ్చి పాత పేపరు తిరగేసేవాడు. కాసేపటికి కోపం చల్లారి, ఏమీ ఎరగనట్టు ఇంటికి పోయేవాడు. చెప్పండి, జనం ఇలా ఉత్తినే కూర్చుంటే ప్రపంచం ముందుకు పోతుందా?

మా కాలనీ ప్రెసిడెంటుగారు దూరదృష్టి గల మనిషి. ఎంత దూరంలో ఉన్నదైనా ఆయనకి కనిపిస్తుంది. దగ్గరున్నవే కాస్త ఇబ్బంది. ఆయన ఓ మధ్యాహ్నం హాలు తనిఖీకి వచ్చారు. గుమ్మంలో నిలబడి నలుమూలలా కలయజూశారు. లోపల మా మామయ్య, సిస్టరు, కత్తెర మాస్టారు చదరంగం ముందు కూర్చుని ఉన్నారు. "బాగున్నారా?" అని ముగ్గుర్నీ పలకరించారు కూడా. ఆ సాయంత్రం కమిటీలో ఆయన అన్న మాట ఇది:

"నేను స్వయంగా వెళ్ళి చూశాను. హాల్లో ఎవరూ లేరు."

అబద్ధమంటారా? తప్పు! పెద్దమనుషుల మాటని అలా అపార్థం చేసుకోకూడదు. "ఎవరూ" అంటే లెక్కలోకి వచ్చేవాళ్ళెవరూ అని అర్థం. ఈ ముగ్గురూ ఏ లెక్కలోకి వస్తారు గనక? మామయ్య అంటే మా ఆవిడ తండ్రి. ముప్పయ్యేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి దిగారు. సిస్టరు పెద్దాసుపత్రిలో హెడ్‌నర్సుగా రిటైరైన మనిషి. ఆసుపత్రి వదిలినా ఆ పిలుపు ఆవిణ్ణి వదల్లేదు, కాలనీ మొత్తానికి సిస్టరే. కత్తెర మాస్టారు టైలరు. చూపు మందగించి మెషీన్ తొక్కడం మానేశారు గానీ, జేబులో సూదీ దారం, చిన్న కత్తెర లేనిదే గడప దాటరు. ఖాళీగా ఉన్న చేతులు దొంగచేతులని ఆయన సిద్ధాంతం. అందుకే హాల్లో ఉన్న ప్రతి వస్తువుకీ తొడుగు కుట్టారు. ట్యూబులైటు స్విచ్చుకి కూడా!

అలా "ఎవరూ లేని" హాలుని ఒక వినోద సంస్థకి ఇచ్చేశారు.

ఆ సంస్థ పెట్టిన ఆట పేరు ఎస్కేప్ రూమ్. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మీరు డబ్బు కట్టాలి. కట్టగానే మీ ఫోన్లు తీసుకుని, మిమ్మల్ని ఓ గదిలోకి తోసి తలుపు వేస్తారు. తలుపు దానంతటదే తాళం పడిపోతుంది. గదిలో రకరకాల చిక్కుముడులుంటాయి. అవన్నీ విప్పితే తాళం నంబరు దొరుకుతుంది. గంటలో బయటపడితే గెలిచినట్టు, లేకపోతే ఓడినట్టు. అంటే మన డబ్బుతో మనం జైలుకి పోయి, మన తెలివితో మనం విడుదల కావాలన్నమాట. ఎంత గొప్ప ఆలోచన!

మా ఆవిడకి మాత్రం ఇది గొప్పగా తోచలేదు.

"తలుపేసి, ఫోన్లు లాక్కుని, గంటలో ఏదో ఒకటి తేల్చి బయటికి రమ్మంటారా? దాన్ని మా ఆఫీసులో మీటింగంటారు. ఎదురు మాకే జీతమిస్తారు" అంది.

ఆవిడ మాటలకేం గానీ, అద్దెకిచ్చాక మా కాలనీ ఎంత బాగుపడిందో చూడండి.

మొట్టమొదటి లాభం, ఎవరికీ గడియారం అక్కర్లేదు. గంటకో బ్యాచ్ బయటపడి, ఆ సంబరంలో వరండాలో ఒక్క పెట్టున అరుస్తుంది. చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. తల్లులకి టైమ్ తెలుస్తుంది.

రెండో బిల్డింగులో రక్తదాన శిబిరం పెట్టాల్సి వచ్చింది. హాలు లేదు కదా, మెట్ల మీద పెట్టారు. మెట్టుకొకరు చొప్పున వరసగా కూర్చున్నాం. ఎంత క్రమశిక్షణ! రక్తం ఇచ్చాక కాసేపు పడుకోవాలన్నారు గానీ, మెట్ల మీద పడుకునే విద్య మావాళ్ళకి ఇంకా పట్టుబడలేదు. నెమ్మదిగా వస్తుంది.

కమిటీ మీటింగులు ఇప్పుడు పార్కింగులో, రెండు కార్ల మధ్య జరుగుతున్నాయి. వాటిలో ఏ కారువాడు తాళంచెవి ఊపుకుంటూ వచ్చినా సభ వాయిదా పడుతుంది. ఇదివరకు ఒక్కో మీటింగు మూడు పూటలు సాగేది. ఇప్పుడు కారు స్టార్టయ్యేలోగా తీర్మానాలు అయిపోతున్నాయి.

ఇక ఇరుగుపొరుగు పలకరింపులంటారా? లిఫ్టు ఉందిగా! మా ఎదురింటావిడకి మోకాలి ఆపరేషన్ అయిందని నాకు గ్రౌండ్‌ఫ్లోరులో తెలిసింది. ఏ మోకాలో మూడో ఫ్లోరుకి వచ్చేసరికి తెలిసింది. ఆపరేషన్ సరిగ్గా కుదిరిందా లేదా అని అడిగేలోగా తలుపు తెరుచుకుంది. మిగతా కబుర్లు తెలియాలంటే ఆవిడతో మళ్ళీ ఎప్పుడైనా లిఫ్టెక్కాలి. సస్పెన్స్ లేని జీవితం కూడా ఒక జీవితమేనా?

కానీ అందరికంటే ఎక్కువ లాభపడింది నేనే. హాలు పోయిన మర్నాటి నుంచి మామయ్య మధ్యాహ్నాలన్నీ నాకే దక్కాయి.

మా అత్తయ్య పోయి రెండేళ్ళు దాటింది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆవిడ వంటిల్లు సర్దుకుని వచ్చి, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చునేది. పెద్దగా ఏమీ మాట్లాడుకునేవారు కాదు. ఇప్పుడు ఆ వేళకి ఆ కుర్చీ అలాగే ఉంటుంది. అందుకని ఆయన ఇంట్లో ఉండలేరు. చెయ్యి కడుక్కుని, చెప్పులు వేసుకుని, "అలా హాలుకి వెళ్ళొస్తా అల్లుడుగారూ" అని బయల్దేరేవారు. మళ్ళీ దీపాలు పెట్టేవేళకి, ఎవరో ఒకరిని ఓడించిన మొహంతో వచ్చేవారు. ఆవిడ పోయాక ఆయన్ని మనిషిగా నిలబెట్టింది ఆ గదే. ఇది నేను వెటకారంగా అనడం లేదు.

హాలు పోయాక నేను రాసుకునే బల్ల ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టారు. నా కాగితాలు తలకిందులుగా చదవడం రెండు రోజుల్లో నేర్చేసుకున్నారు.

"ఇంత పొడుగు వాక్యం ఎందుకండీ? మధ్యలో దిగేవాళ్ళుండరూ?" అని అడిగారు ఓ రోజు.

చూశారా! అప్పటి నుంచే నా వాక్యాలు పొట్టివయ్యాయి. స్టాపు స్టాపుకీ ఆపుతున్నాను. హాలు ఉండి ఉంటే నా శైలికి ఈ భాగ్యం పట్టేదా?

కానీ ఆయన మొహమాటస్థుడు. నేను పెన్ను పక్కన పెడితే చాలు, "మీ పనికి అడ్డమొస్తున్నానేమో" అంటూ లేచేవారు. "అబ్బే, అదేం లేదు మామయ్యా" అంటే, "అబ్బే అన్నారంటే ఉన్నట్టే" అని చెప్పులు వేసుకుని కిందికి దిగేవారు. మెట్ల మీద కూర్చుంటే దారికి అడ్డమన్నారు. పార్కింగులో నిలబడితే కార్లకి అడ్డమన్నారు. పాత హాలు ముందు సంస్థవాళ్ళు ఎర్ర సోఫా వేశారు. అందులో కూర్చుంటే, "ఇది ఆటకొచ్చిన వాళ్ళకండీ" అని మర్యాదగానే లేపారు.

ఓ రోజు కిందికి వెళ్ళేసరికి మామయ్య ఉత్తరాల డబ్బాల దగ్గర నిలబడి ఉన్నారు. ఆయనకి ఉత్తరాలు రాసేవాళ్ళెవరూ లేరు.

"ఏమైనా రావాల్సి ఉందా మామయ్యా?" అన్నాను.

"అబ్బే. ఉత్తినే నిలబడితే ఏం కావాలని అడుగుతున్నారండీ. ఇక్కడ నిలబడితే ఎవరూ అడగరు. ఉత్తరం కోసం వచ్చాడనుకుంటారు" అన్నారు, ఏదో కిటుకు కనిపెట్టినవాడిలా.

నేనూ ఉత్తరం కోసం వచ్చినవాడిలా ఆయన పక్కనే నిలబడ్డాను. అయినా మనం విషయం దాటి పోకూడదు. నిలబడటం కాళ్ళకి ఎంత మంచిదో డాక్టర్లు చెబుతూనే ఉన్నారు!

ఈ చిక్కుకి దారి చూపించింది సిస్టరే. పనిరోజుల్లో మధ్యాహ్నం పూట ఆటకి జనం ఉండరని, ఆ వేళకి పెద్దవయసు వాళ్ళకి సగం రేటని సంస్థవాళ్ళు బోర్డు పెట్టారు. ఆ బోర్డు చదివి సిస్టరు మిగతా ఇద్దరికీ కబురు పెట్టింది. ముగ్గురూ కలిసి టికెట్టు తీసుకున్నారు.

అక్కడ మేనేజరు ఒక అమ్మాయి. మంచి పిల్ల, గలగలా మాట్లాడుతుంది. ముగ్గుర్నీ నిలబెట్టి ఆట వివరించింది.

"అంకుల్, దీని పేరు పిచ్చి డాక్టర్ గది. డాక్టర్ మాయమైపోయాడు. మిమ్మల్ని లోపల పెట్టి తాళం వేస్తాం. గడియారం ఏ టైమ్‌కి ఆగిందో చూడాలి, పడిపోయిన సీసాల వరస చూడాలి, చిరిగిన కర్టెన్ కంతల్లోంచి గోడ మీద అంకెలు చూడాలి. అన్నీ కలిపితే తలుపు నంబరు వస్తుంది. ఊపిరాడనట్టుంటే తలుపు పక్కన ఎర్ర బటన్ నొక్కండి, తలుపు తెరుచుకుంటుంది. భయపడరు కదా?"

"లోపల ఫ్యానుందామ్మా?" అన్నారు మామయ్య.

"ఏసీ ఉందంకుల్!"

"ఇంకేం" అన్నారు ముగ్గురూ.

తలుపు పడింది. మేనేజరు అమ్మాయి కెమెరాలో చూస్తూ కూర్చుంది. లోపల మామయ్య పెద్ద కుర్చీ చూసుకుని కూర్చున్నారు. సిస్టరు ఆపరేషన్ బల్ల మీద శవం బొమ్మని పక్కకి జరిపింది. కత్తెర మాస్టారు సంచిలోంచి చదరంగం పెట్టె తీశారు. హాలు ఖాళీ చేసిన రోజు ఆయన దాన్ని ఇంటికి తెచ్చి దాచారు. ముగ్గురూ ఆటలో పడ్డారు. ఆ ఆటలో కాదు, ఈ ఆటలో.

సగం టైమ్ గడిచాక ఆ అమ్మాయి ఉండబట్టలేక స్పీకర్లో అడిగింది. "అంకుల్, క్లూ ఏమైనా కావాలా?"

"వద్దమ్మా. చలి కొంచెం తగ్గించు చాలు" అని జవాబొచ్చింది.

గంటయ్యాక తలుపు తీసి, "అయ్యో, మీరు ఓడిపోయారు" అంది పాపం, బాధగా.

"పర్వాలేదమ్మా. రేపు కూడా ఓడిపోతాం" అన్నారు మామయ్య. ఆ రోజు ఇంటికొచ్చినప్పుడు ఆయన మొహం చూడాలి! అచ్చం పాత మొహం.

చూశారా, పాత హాలు వాళ్ళకి ఏమిచ్చింది? ఉత్త కుర్చీలు. కొత్త హాలు శవం బొమ్మ కూడా ఇచ్చింది. అలా వాళ్ళు రోజూ డబ్బిచ్చి ఓడిపోతూ హాయిగా కాలం గడిపారు. ఆ పిల్లకి కూడా అలవాటైంది. తర్వాతి బ్యాచ్ ఏదీ లేకపోతే ఇంకాసేపు తలుపు తియ్యకుండా మరిచిపోయినట్టు నటించేది.

కథ ఇక్కడితో ఆగితే నేను ఈ వ్యాసం ఇంత దూరం లాగేవాణ్ణి కాదు. కానీ అలవాటన్నది చెప్పినా వినదు కదా! ఏళ్ళ తరబడి ఆ హాలుని ఊడ్చి, తుడిచి, బాగుచేసుకున్న చేతులవి. నాలుగు వారాలు ఓపిక పట్టాయి. ఐదో వారం దురద పెట్టాయి.

"ఆ సీసాలు చూడండి, ఎలా పారేశాడో! వీడేం డాక్టరు?" అంటూ సిస్టరు లేచింది. సీసాలన్నీ కడిగి, లేబుళ్ళు ముందుకి తిప్పి, అక్షరాల వరసలో బీరువాలో సర్దేసింది. నేల మీద రక్తమని చెప్పి పోసిన ఎర్ర రంగుని తడిగుడ్డ పెట్టి తుడిచేసింది. కత్తెర మాస్టారు చిరిగిన కర్టెన్ని ఒళ్ళో వేసుకుని, కంత అన్నది కంటికి కనబడకుండా రఫ్ఫు కుట్టు వేశారు. మిగిలిన గుడ్డ ముక్కతో తలుపు పక్కనున్న స్విచ్చులకీ బటన్లకీ దుమ్ము పడకుండా ఓ చక్కని తొడుగు కుట్టారు. మామయ్య ఇంటి నుంచి బ్యాటరీ పట్టుకెళ్ళారు. ఆగిపోయిన గడియారం కింద కండక్టరు కూర్చోగలడా? తన చేతి గడియారం చూసుకుని మరీ టైమ్ సరిచేశారు.

కెమెరాలో ఇదంతా చూస్తున్న మేనేజరు అమ్మాయికి ఆనందం పట్టలేదట. ఇన్నాళ్ళకి పెద్దవాళ్ళు ఆట ఆడుతున్నారనుకుంది!

ఆ వెనక ఏదో ఆఫీసు నుంచి ఓ బ్యాచ్ వచ్చింది. కలిసి పనిచెయ్యడం నేర్చుకోమని వాళ్ళ మేనేజరు పంపించాడు. గంటసేపు ఆ శుభ్రమైన గదిలో తలలు బాదుకున్నారు. గడియారం ఎన్నిసార్లు చూసినా కొత్త టైమే చెబుతోంది! చివరికి బయటి నుంచి తలుపు తీస్తే, కలిసి వెళ్ళినవాళ్ళు మూడు ముఠాలుగా బయటికొచ్చారు. సంస్థ ప్రెసిడెంటుగారికి ఫిర్యాదు చేసింది. ప్రెసిడెంటుగారు విచారణకి పిలిచారు. నేరాలు ఇవి. నడవని గడియారాన్ని నడిపించారు. చిరిగినదాన్ని కుట్టారు. నేల తుడిచారు. ఇంతటి ఘోరం మా కాలనీ చరిత్రలో లేదు!

విచారణ ఎక్కడ జరపాలి? పార్కింగులో పెడితే కారువాళ్ళు వింటారు. హాలు లేదు. చివరికి ఆ గదిలోనే పెడదామన్నారు, నేరం జరిగిన చోటు కూడా అదే కదా అని. ప్రెసిడెంటుగారు, కార్యదర్శి, కోశాధికారి ఒక పక్క. నిందితులు ముగ్గురూ ఒక పక్క. నిందితుడి అల్లుడి హోదాలో నేను మధ్యలో.

ప్రెసిడెంటుగారు పద్ధతి గల మనిషి. ఎవరూ రికార్డు చెయ్యకుండా అందరి ఫోన్లూ బయట పెట్టించారు. "ఇది రహస్య విచారణ. కెమెరా, స్పీకరు ఆపెయ్. మేం వచ్చేదాకా ఇటు తొంగి చూడకు" అని మేనేజరు అమ్మాయిని పంపించేశారు. తర్వాత నిందితుల వైపు తిరిగారు.

"మీరు అడిగినప్పుడే మాట్లాడాలి. మధ్యలో సలహాలివ్వడాలు వద్దు."

ముగ్గురూ బుద్ధిగా తలూపారు. తలుపు మూశారు. టక్కుమంది.

విచారణ చిటికెలో ముగిసింది. తీర్పు ఇంటి దగ్గరే రాసుకొచ్చాక ఆలస్యమెందుకవుతుంది? ఇకపై ఈ ముగ్గురూ ఈ గదిలో కాలు పెట్టరాదు. చదివి మడిచి జేబులో పెట్టుకుని, ప్రెసిడెంటుగారు తలుపు లాగారు. రాలేదు. కార్యదర్శి లాగాడు. ఇద్దరూ కలిసి లాగారు.

తలుపు కొట్టారు. లోపలి చప్పుడు బయటికి రాకుండా గోడలకీ తలుపుకీ మెత్తలు వేయించాలని అద్దె కాగితంలో షరతు పెట్టింది ప్రెసిడెంటుగారే. చాలా బాగా వేశారు!

కార్యదర్శి గడియారం ముందు నిలబడ్డాడు. కోశాధికారి సీసాలు ఒక్కొక్కటీ తీసి చదివాడు. "ఎంత బాగా సర్దారో" అన్నాడు ఏడవలేక. ప్రెసిడెంటుగారు కర్టెన్ని దీపానికి ఎదురుగా పట్టి కంత కోసం వెతికారు. మాస్టారి కుట్టు మాటలా? నేనూ నాకు తోచినట్టు గోడలు తట్టాను. నిందితులు ముగ్గురూ మాత్రం మాట్లాడలేదు. వాళ్ళనెవరూ అడగలేదు కదా! మాస్టారు సంచిలోంచి చదరంగం పెట్టె తీసి బల్ల మీద పరిచారు.

వెతికి వెతికి కాళ్ళు పీకాక కోశాధికారి నిందితులు కూర్చున్న బెంచీ కేసి చూశాడు.

"జరగండి, జరగండి, ఇంకా చోటుంది" అని మామయ్య అలవాటుగా అనేశారు. కోశాధికారి కూర్చున్నాడు. తర్వాత కార్యదర్శి. ఆఖరికి ప్రెసిడెంటుగారూ వచ్చి అంచున కూర్చున్నారు.

తర్వాత ఏమైందో చెబితే మీరు నమ్మరు. కోశాధికారి తనకి నిద్ర పట్టడం లేదని సిస్టరుతో చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ నాడి పట్టుకుని వింది. కార్యదర్శి చొక్కాకి ఊడిపోయిన బొత్తాం మాస్టారు కుట్టేస్తున్నారు. ప్రెసిడెంటుగారు బల్ల మీదికి వంగి, "ఈ రీలేమిటండీ?" అన్నారు.

"గుర్రమండీ" అన్నారు మామయ్య.

"మరయితే ఇక్కడ మీ మంత్రి పోతుంది కదా?"

"పోనివ్వండి. ఆ తర్వాత చూడండి ఏమవుతుందో."

కాసేపు ఎవరికీ తలుపు గుర్తు రాలేదు. నేను నా కళ్ళతో చూశాను. అది ఎస్కేప్ రూమ్ కాదు, డాక్టరూ లేడు, శవమూ లేదు. అది మా పాత హాలు.

ఆట కట్టాక ప్రెసిడెంటుగారికి ఒక్కసారిగా తను ప్రెసిడెంటునని గుర్తొచ్చింది. చెమట పట్టింది. గొంతు తగ్గించి, మొదటిసారిగా అడిగారు.

"కండక్టరుగారూ, బయటికి దారి మీకేమైనా తెలుసా?"

"అడిగారు కాబట్టి చెబుతున్నానండీ" అన్నారు మామయ్య. "ఇందాకటి నుంచి మీరు బయటికి దారి వెతుక్కుంటున్నారు. ఆరు నెలల నుంచి మేం లోపలికి దారి వెతుక్కుంటున్నాం. మీ దారి మాకు తెలుసు. మా దారి మీకేమైనా తెలిస్తే చెప్పండి."

ప్రెసిడెంటుగారు నేల కేసి చూశారు. సిస్టరు తుడిచిన నేల, తళతళలాడుతోంది. చివరికి మామయ్యే, "పోనీలెండి మాస్టారూ, తియ్యండి" అన్నారు. మాస్టారు వెళ్ళి తన తొడుగు ముడి విప్పి, ఎర్ర బటన్ నొక్కారు. తలుపు తెరుచుకుంది. కమిటీ పెద్దలు ముగ్గురూ ఒకరినొకరు తోసుకుంటూ బయటపడ్డారు. వరండాలో మాత్రం ఎవరూ సంబరంగా అరవలేదు.

ఇంత జరిగాక ప్రెసిడెంటుగారి మనసు మారిందా? మారితే ఆయన ప్రెసిడెంటెలా అవుతారు! మర్నాడు పార్కింగులో కమిటీకి జరిగింది నివేదించారు. "సాంకేతిక లోపం వల్ల గంటసేపు లోపల చిక్కుకుపోయాం. ఆ సమయంలో సాయానికి హాల్లో ఎవరూ లేరు."

సంస్థవాళ్ళు కూడా జాగ్రత్తపడ్డారు. టికెట్ల దగ్గర కొత్త బోర్డు వెలిసింది. మేనేజరు అమ్మాయి తలెత్తకుండా దాన్ని తగిలించింది. "బయటికి వెళ్ళాలనే ఉద్దేశం ఉన్నవారికి మాత్రమే ప్రవేశం."

అయ్యలారా, అమ్మలారా! ఎంత న్యాయమైన నిబంధన! మనిషి ఎక్కడికి వచ్చినా వెళ్ళిపోవడానికే రావాలి. లిఫ్టులో, మెట్ల మీద, పార్కింగులో అందరం ఆ నిబంధన పాటిస్తూనే ఉన్నాం. ఉండిపోదామని వచ్చేవాళ్ళ వల్లే ప్రపంచానికి చిక్కులన్నీ. అందుకే మళ్ళీ చెబుతున్నాను, మీ కాలనీలో కూడా హాలుంటే వెంటనే అద్దెకిచ్చెయ్యండి. లోపల ఎవరైనా కూర్చుని ఉంటే భయపడకండి. కళ్ళు గట్టిగా మూసుకుని చూస్తే ఎవరూ ఉండరు.

సంస్థవారికి మాత్రం చిన్న మనవి. పిచ్చి డాక్టరుకి ఓ గది పెట్టారు కదా, ఇంకొకటి పెట్టండి. అందులో కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, చప్పుడు చేసే ఓ ఫ్యాను ఉంటే చాలు. తలుపుకి తాళం వద్దు. లోపలికొచ్చినవాణ్ణి ఏం కావాలని ఎవరూ అడగకూడదు. అదే ఆట. దానికి మీరు ఎంత రేటు పెట్టినా టికెట్టు నేను కొంటాను.

ఈ మాట రాసి తలెత్తి చూశాను. మధ్యాహ్నం భోజనమైపోయింది. మామయ్య చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

"ఎక్కడికి మామయ్యా?" అన్నాను.

ఆయన తన కాళ్ళ కేసి చూసుకున్నారు.

"ఏమోనండీ అల్లుడుగారూ. చెప్పులైతే వేసుకున్నాను" అన్నారు.